టైమ్‌షేర్ అమ్మాలన్నా, అద్దెకివ్వాలన్నా ఎవరిని నమ్మాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. మీరు ఉండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. పదేళ్ల కిందట ఒర్లాండోలో ఒక రిసార్టులో ఏటా ఒక వారం చొప్పున 21 వేల డాలర్లకు టైమ్‌షేర్ (రిసార్టు గదిని ఏటా కొన్నాళ్లు వాడుకునే హక్కు) కొన్నారు. లోన్ తీరిపోయింది. పిల్లలు కాలేజీకొచ్చేశారు, ఇక డిస్నీకి రమ్మంటే వచ్చే వయసు కాదు. మెయింటెనెన్స్ ఫీజు మాత్రం ఏటేటా పెరిగి 1,400 దాకా వచ్చింది. పోయిన వారం ఎవరో ఫోన్ చేసి, మీ వారానికి 28 వేలిచ్చే పార్టీ రెడీగా ఉంది, టైటిల్ ఖర్చులూ ట్యాక్సూ కింద ముందు 2,200 కట్టండి అన్నారు. వీళ్లను నమ్మొచ్చా, వీళ్లు కాకపోతే నమ్మదగ్గ సర్వీసు ఏది, అమ్ముడుపోయేదాకా అద్దెకిచ్చుకోవచ్చా అని అడిగారు.

ముందు ఆ 2,200 సంగతి. కట్టకండి. ఆ ఫోన్ మళ్లీ వస్తే ఎత్తకండి.

నేను ఒర్లాండోలో టైటిల్ ఆఫీసులో పనిచేస్తాను. టైమ్‌షేర్ డీడ్ల (యాజమాన్య పత్రాల) బదిలీ కాగితాలు రోజూ చూసే పని. అందుకే ఆ అంకె చూడగానే నవ్వొచ్చింది. ఫ్లోరిడాలో డీడ్ మీద పడే స్టాంపు డ్యూటీ ప్రతి వంద డాలర్లకు 70 సెంట్లు. వాళ్లు చెప్పిన 28 వేలు నిజమే అనుకున్నా, దాని మీద పడేది 196 డాలర్లు. అది కూడా అమ్మేవాళ్లు ముందుగా ఎవరికో పంపించేది కాదు. క్లోజింగ్ రోజున, అంటే అమ్మకం పూర్తయ్యే రోజున, లెక్కలో పడుతుంది. అమ్మేవాళ్ల వాటా ఏమైనా ఉంటే వాళ్లకు రావాల్సిన డబ్బులోంచి కోసుకుంటారు. రీసేల్‌లో చాలాసార్లు ఆ ఖర్చు కొనేవాళ్లే భరిస్తారు. అమ్మకం జరగకముందే అమ్మేవాళ్ల జేబులోంచి డబ్బు అడిగారంటే ఆ కాగితాల వెనక అమ్మకమే లేదన్నమాట.

'మరి నా పేరు, రిసార్టు పేరు, ఎన్నో వారమో కూడా చెప్పారే' అని రాశారు. అది పెద్ద విషయం కాదు. మీ డీడ్ కౌంటీ రికార్డుల్లో ఉంటుంది, ఆ రికార్డులు బహిరంగం. ఒర్లాండో అయితే ఆరెంజ్ కౌంటీ కంప్ట్రోలర్ వెబ్‌సైటులో, కిసిమీ అయితే అసియోలా కౌంటీలో మీ పేరు కొట్టి చూడండి. మీరు సంతకం పెట్టిన డీడ్ మీకే కనిపిస్తుంది. వాళ్లకు కనిపించింది కూడా అదే.

ఫ్లోరిడాలో 2012 నుంచి దీనికి ప్రత్యేకంగా ఒక చట్టం ఉంది. రీసేల్ ప్రకటన పేరుతో డబ్బు తీసుకోవాలంటే ముందు రాతపూర్వక ఒప్పందం ఇవ్వాలి, దాన్ని 7 రోజుల్లోపు రద్దు చేసుకునే హక్కు మీకు ఉండాలి. 'కొనేవాడు రెడీగా ఉన్నాడు' అనాలంటే ఆ కొనేవాడి పేరు, చిరునామా, ఫోన్ నంబరు మీకు ఇవ్వాలి. మీకు ఫోన్ చేసినవాణ్ని పేరు అడిగితే 'ప్రైవసీ, కార్పొరేట్ బయ్యర్' అని ఏదో చెప్పి ఉంటాడు. ఆ ఒక్క జవాబు చాలు.

ఇప్పుడు ఎవరూ చెప్పడానికి ఇష్టపడని సంగతి, ధర. మీరు కట్టిన 21 వేలల్లో పెద్ద భాగం ఆ వారానికి కాదు. మిమ్మల్ని అక్కడికి రప్పించిన ఫ్రీ టికెట్లకు, బ్రేక్‌ఫాస్టుకు, తొంభై నిమిషాలని చెప్పి నాలుగు గంటలు కూర్చోబెట్టిన సేల్స్‌మన్ కమిషన్‌కు పోయింది. రీసేల్‌లో అవేవీ తిరిగి రావు. ఈబేలో ఒర్లాండో వారాలు ఒక్క డాలరుకు పెట్టినా కొనేవాళ్లు లేనివి ఎన్నో ఉంటాయి, ఎందుకంటే కొనేవాడు చూసేది మీరు పెట్టిన ఖర్చు కాదు, ఏటా తన నెత్తిన పడబోయే 1,400. 'అమ్మకానికి పెట్టిన ధర' చూసి ఆశపడకండి. ఈబేలో అమ్ముడైనవాటిని విడిగా చూసే ఫిల్టర్ ఉంది, అందులో మీ రిసార్టు పేరు కొట్టండి. పది నిమిషాల పని, కాస్త బాధాకరమైన పది నిమిషాలు.

విలువ నిలబెట్టుకునేవి కొన్ని లేకపోలేదు. డిస్నీ వెకేషన్ క్లబ్ అన్నిటికంటే మెరుగు. కొన్ని మారియట్, హిల్టన్ పాయింట్లకు (ఫలానా వారమని కాకుండా పాయింట్లు ఖర్చుపెట్టి బస తీసుకునే పద్ధతి), హవాయిలో మంచి రిసార్టులకు కూడా కొనేవాళ్లుంటారు. డిస్నీలో కూడా మెలిక ఉంది. 2019 జనవరి 19 తర్వాత రీసేల్‌లో కొన్న పాత రిసార్టుల పాయింట్లు రివియెరా లాంటి కొత్తవాటిలో చెల్లవు, రివియెరా పాయింట్లను రీసేల్‌లో కొంటే అవి అక్కడ తప్ప ఇంకెక్కడా చెల్లవు. విండమ్ అనే టైమ్‌షేర్ కంపెనీలో రీసేల్ పాయింట్లతో వీఐపీ హోదా రాదు. కంపెనీలు ఇలా కావాలనే పెడతాయి, రీసేల్ చౌకగా దొరికితే వాళ్ల సేల్స్ హాలుకు వచ్చేదెవరు?

అందుకే నమ్మదగ్గ బ్రోకర్‌ను గుర్తుపట్టడానికి నేను చూసేది ఒకటే. మొదటి ఫోన్‌లో అతను చెప్పే ధర విని మీకు నీరసం రావాలి. 'దీనికి మార్కెట్ లేదండీ, నేను తీసుకోలేను' అని ముఖం మీద చెప్పే బ్రోకర్లు ఉన్నారు. కమిషన్ అమ్మకం అయ్యాకే వస్తుంది కాబట్టి, అమ్ముడుపోని సరుకు మీద అతను టైమ్ పెట్టడు. మీకు 28 వేలు చెప్పినవాడికి అమ్మకంతో పనే లేదు. అతని ఆదాయం మీ 2,200.

పని మొదలుపెట్టాల్సింది మాత్రం బ్రోకర్ దగ్గర కాదు, మీ రిసార్టు దగ్గరే. లోన్ పూర్తిగా తీరి, ఫీజులు బాకీ లేకపోతే వెనక్కి తీసుకునే పద్ధతి ఇప్పుడు చాలా కంపెనీల్లో ఉంది. విండమ్ వాళ్లది విండమ్ కేర్స్, అలాగే ఒక్కో కంపెనీలో ఒక్కో పేరు. టైమ్‌షేర్ కంపెనీల సంఘం ఆర్డా 'రెస్పాన్సిబుల్ ఎగ్జిట్' పేరుతో ఒక వెబ్‌సైటు నడుపుతోంది, ఏ కంపెనీలో ఎవరిని అడగాలో అందులో ఉంటుంది. అది కంపెనీల సంఘమే, మీ తరఫు లాయరేం కాదు, కానీ సరైన ఫోన్ నంబరు దొరకడానికి పనికొస్తుంది. మెయింటెనెన్స్ బిల్లు మీదున్న నంబరుకు ఫోన్ చేసి 'డీడ్ వెనక్కిచ్చేస్తాను, ఆ విభాగానికి కలపండి' అనండి. సేల్స్ వైపు కలిపితే పెట్టేయండి. వచ్చినప్పుడు 'ఓనర్ అప్‌డేట్' మీటింగుకు రండి, వంద డాలర్ల గిఫ్ట్ కార్డు ఇస్తాం, అక్కడ మాట్లాడుకుందాం అంటారు. వెళ్లకండి. ఉన్న వారాన్ని వదిలించుకోవడానికి ఆ మీటింగుకు వెళ్లి పాయింట్లు కూడా కొనుక్కుని వచ్చిన మనవాళ్లు డాలస్‌లోనే ఎంతమందో!

డీడ్ వెనక్కిస్తే మీ చేతికి డబ్బేం రాదు. కొన్నిచోట్ల ఎదురు కొంత కట్టించుకుంటారు కూడా. అయినా అమ్మితే వచ్చేది కొన్ని వందలే అయ్యే వారానికి, నా దృష్టిలో ఇదే మంచి బేరం.

వాళ్లు కాదంటేనే బ్రోకర్. ఫ్లోరిడాలో ఇంకొకరి టైమ్‌షేర్ అమ్మిపెట్టాలంటే రియల్ ఎస్టేట్ లైసెన్స్ ఉండాలి, లైసెన్స్ ఉన్న బ్రోకర్ టైమ్‌షేర్ లిస్టింగ్ కోసం ముందుగా ఫీజు తీసుకోకూడదు. లైసెన్స్‌డ్ టైమ్‌షేర్ రీసేల్ బ్రోకర్స్ అసోసియేషన్ అని వీళ్లకొక సంఘం ఉంది, అందులోని సభ్యులు ముందు ఫీజు అడగరు. పేరు దొరికాక రాష్ట్ర లైసెన్సింగ్ విభాగం వెబ్‌సైటులో చూడండి. లైసెన్స్ నంబరు ఉందా అని మాత్రమే చూసి ఊరుకోకండి. మోసగాళ్లు నిజమైన బ్రోకర్ల లైసెన్స్ నంబర్లే వాడతారు, మూతపడిన కంపెనీల పేర్లు ఎత్తుకొచ్చి వెబ్‌సైటు పెడతారు. ఆ లైసెన్స్ మీదున్న చిరునామాను పట్టుకుని ఆ ఆఫీసు నంబరు మీరే విడిగా వెతికి ఫోన్ చేయండి. 'మీ ఆఫీసు నుంచి ఫలానా ఆయన నాకు ఫోన్ చేశారా?' అని అడగండి. ఎదురుగా ఉన్నవాళ్లు నిట్టూర్చి 'మా పేరుతో చేసేవాళ్లు వేరే ఉన్నారండీ' అంటే అది మోసమని తేలిపోయినట్టే. కంపెనీ ఎప్పుడు రిజిస్టరైందో ఫ్లోరిడా వాళ్ల సన్‌బిజ్ సైటులో ఉచితంగా తెలుస్తుంది. ఇరవై ఏళ్ల అనుభవం అని రాసుకున్న కంపెనీ నాలుగు నెలల కిందట పుట్టిందని కనిపిస్తే ఇంకేం చూడనక్కర్లేదు.

ఎస్క్రో, అంటే అమ్మకం పూర్తయ్యేదాకా డబ్బును మధ్యవర్తి దగ్గర ఉంచే ఏర్పాటు విషయంలో ఇదే జాగ్రత్త ఇంకాస్త ఎక్కువ కావాలి. కొనేవాడి డబ్బు ఇదిగో ఎస్క్రోలో ఉంది అని లెటర్‌హెడ్ మీద చూపిస్తారు. ఆ ఎస్క్రో కంపెనీ కూడా వాళ్లదే అయి ఉంటుంది. ఫ్లోరిడాలో టైటిల్ ఏజెన్సీలకు లైసెన్స్ ఇచ్చేది వేరే శాఖ, డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఫైనాన్షియల్ సర్వీసెస్. అక్కడ పేరు చూసి, అక్కడున్న వివరాలతోనే ఫోన్ చేయండి, వాళ్లు ఈమెయిల్‌లో పంపిన నంబరుకు కాదు.

నిజమైన అమ్మకం ఎలా సాగుతుందో ఒకసారి మనసులో పెట్టుకుంటే అబద్ధం దూరం నుంచే తెలుస్తుంది. కొనేవాళ్లు, మీరు ఒప్పందం మీద సంతకాలు పెడతారు. వాళ్లు డబ్బు టైటిల్ కంపెనీలో జమ చేస్తారు. టైటిల్ కంపెనీ రిసార్టుకు రాసి ఎస్టాపెల్ తెప్పిస్తుంది. అంటే ఓనర్ ఎవరు, బాకీలున్నాయా, వచ్చే ఏడాది వారం ఇప్పటికే వాడేశారా అన్నవాటికి రిసార్టు ఇచ్చే జవాబు. కొన్ని కంపెనీలకు అదే ధరకు తామే కొనేసుకునే మొదటి హక్కు ఉంటుంది. డిస్నీ ఆ హక్కు నిజంగానే వాడుతుంది. ఆ గడువు అయ్యాక సంతకానికి మీకు డీడ్ వస్తుంది. టెక్సస్‌లో కూర్చుని సంతకం పెట్టినా అది ఫ్లోరిడా ఆస్తి కాబట్టి నోటరీతో పాటు ఇద్దరు సాక్షులుండాలి. ఇక్కడే మనవాళ్ల కాగితాలు ఎక్కువగా వెనక్కొస్తాయి, బ్యాంకులో నోటరీ చేయించుకుని సాక్షుల గీతలు ఖాళీగా పంపేస్తారు. డీడ్ మీద ఇంటిపేరు ఒకలా, డ్రైవింగ్ లైసెన్స్ మీద ఇంకోలా ఉండడం ఇంకో తలనొప్పి. కొన్నప్పుడు హెచ్1లో ఉండి పాస్‌పోర్టులో ఉన్నట్టు రాయించి, సిటిజన్‌షిప్ అప్పుడు పేరు మార్చుకున్నవాళ్లు ఆ కాగితం కూడా దగ్గర పెట్టుకోండి. తర్వాత డీడ్ కౌంటీలో రికార్డవుతుంది, రిసార్టు తన పుస్తకంలో ఓనర్ పేరు మారుస్తుంది. ఇదంతా అవడానికి రెండు మూడు నెలలు సులువుగా పడుతుంది. అమ్మేశామనుకోవడానికి రెండు చూసుకోవాలి: కౌంటీ సైటులో కొత్త డీడ్ కనిపించాలి, రిసార్టు నుంచి బదిలీ అయిందని రాతపూర్వకంగా రావాలి. అప్పటిదాకా బిల్లు మీ పేరు మీదే వస్తుంది, కట్టాల్సింది కూడా మీరే.

సొంతంగా అమ్ముకుంటానంటే రెండు చోట్లు చెబుతాను. టైమ్‌షేర్ యూజర్స్ గ్రూప్, అందరూ టగ్ అంటారు, 1993 నుంచి ఓనర్లే నడుపుతున్నది. ఉచితంగా ఇచ్చేసేవాళ్లకు అందులో ప్రత్యేక విభాగం ఉంది. రెండోది రెడ్‌వీక్. ఇక్కడ సభ్యత్వానికో ప్రకటనకో కొద్దిపాటి ఫీజు ఉంటుంది. అది ముందు ఫీజు కాదా అని అడుగుతారేమో. ప్రకటన వేసినందుకు పత్రికకు కట్టే డబ్బు లాంటిదే అది. వాళ్లు రెడీగా పార్టీ ఉందనరు, మీకు ఫోన్ చేయరు.

అద్దె సంగతికొస్తే, మీలాంటి ఒర్లాండో వారానికి, రిసార్టు సంగతి తేలేలోపు నేను దీన్ని కూడా ప్రయత్నించమంటాను. మీ వారం ఫిక్స్‌డ్ వీకా (ఏటా అదే వారం), ఫ్లోటింగా (ఏటా మీరు ఎంచుకునేది) అన్నది ముఖ్యం. ఫ్లోటింగ్ అయితే ఈస్టర్, స్ప్రింగ్ బ్రేక్, క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ మధ్య వారాల్లో ఒకటి బుకింగ్ విండో తెరుచుకున్న రోజే పట్టుకోండి. సెప్టెంబరు వారం పట్టుకుని అద్దెకు పెడితే మెయింటెనెన్స్ ఫీజు కూడా రాదు. ధర పెట్టేముందు అదే రిసార్టులో అదే సైజు గది ఎక్స్‌పీడియాలో, బుకింగ్ డాట్ కామ్‌లో ఆ తేదీలకు ఎంతుందో చూసి, దానికంటే బాగా తగ్గించండి. హోటల్ సైటులో అయితే వాళ్లు రద్దు చేసుకోగలరు, మీ దగ్గర చేసుకోలేరు. ఆ తేడాకు తగ్గట్టే ధర ఉండాలి.

అద్దెకిచ్చేముందు మీ రిసార్టు నియమాలు చదవండి. గెస్ట్ సర్టిఫికెట్ తీసుకుని అద్దెదారు పేరు మీద బుకింగ్ మార్చాలి, దానికి కొన్నిచోట్ల ఫీజు ఉంటుంది. బంధువులకు ఇచ్చినా, అప్పుడప్పుడు అద్దెకిచ్చినా ఊరుకుంటారు గానీ వ్యాపారంలా చేస్తే ఖాతా ఆపేసే కంపెనీలున్నాయి. ఇంకొకటి, చాలామందికి తెలియదు: టైమ్‌షేర్ వారాలు మార్పిడి చేసిపెట్టే ఆర్‌సీఐలో గానీ ఇంటర్వల్ ఇంటర్నేషనల్‌లో గానీ మీ వారాన్ని మార్పిడి చేసి తీసుకున్న వారాన్ని అద్దెకివ్వకూడదు. రిసార్టు నుంచి నేరుగా బుక్ చేసుకున్నదే ఇవ్వాలి.

అద్దెలో మోసం ఎదురు దిక్కు నుంచి వస్తుంది. మీరు 1,500 అంటే 3,200కి క్యాషియర్స్ చెక్ పంపిస్తారు. 'మా ట్రావెల్ ఏజెంట్ పొరపాటు చేశాడు, మిగిలింది వెనక్కి పంపండి' అంటారు. బ్యాంకులో డబ్బు కనిపిస్తుంది, మీరు జెల్లేలో పంపేస్తారు, రెండు వారాలకు చెక్ దొంగదని తేలి బ్యాంకు మొత్తం 3,200 వెనక్కి లాగేస్తుంది. ఖాతాలో డబ్బు కనిపించడం, చెక్ చెల్లడం ఒకటి కాదు. ఎక్కువ పంపినవాళ్లకు చెక్కే తిప్పి పంపండి. రెడ్‌వీక్ ద్వారా అద్దెకిస్తే డబ్బు మధ్యలో వాళ్ల దగ్గర ఉండే ఏర్పాటు ఉంది, కొత్తవాళ్లకు అది మేలు. వాట్సాప్ గ్రూపులో తెలుగువాళ్లకే ఇస్తున్నాను కదా అనుకున్నా సరే, తేదీలు, రద్దు నియమం, డబ్బు ఎప్పుడు కడతారు అన్నవి ఒక పేజీలో రాసుకోండి. 'అన్నయ్యా, బాబుకు జ్వరం' అని ఆఖరి రోజు వచ్చే మెసేజీకి అప్పుడే జవాబుంటుంది.

అద్దె ఆదాయం ట్యాక్స్ రిటర్న్‌లో చూపించాలి, అదెలాగో మీ సీపీఏను అడగండి. ఇంకో చేదు నిజం, సొంతానికి వాడుకున్న టైమ్‌షేర్‌ను నష్టానికి అమ్మితే ఆ నష్టాన్ని ట్యాక్స్‌లో తగ్గించుకోవడం కుదరదు.

ఇక దూరంగా ఉండాల్సినవాళ్లు. టైమ్‌షేర్ నుంచి బయటపడేస్తామనే ఎగ్జిట్ కంపెనీలని రేడియోలో ఒకటే ప్రకటనలు. నాలుగైదు వేలు ముందు తీసుకుని, 'మెయింటెనెన్స్ కట్టడం ఆపేయండి, రిసార్టుతో మాట్లాడకండి' అంటారు. అప్పుడు బాకీ మీ పేరు మీద పెరిగి, క్రెడిట్ స్కోరు పడిపోయి, ఫోర్‌క్లోజర్ (బాకీ కింద వారాన్ని లాగేసుకోవడం) వస్తే 'చూశారా, బయటపడేశాం' అంటారు. 2022 నవంబరులో అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీ, విస్కాన్సిన్ రాష్ట్రం కలిసి ఇలాంటి ఒక ముఠా మీద కేసు వేశాయి, జనం దగ్గర 9 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేశారన్నది ఆరోపణ. రెండో రకం, డబ్బు తీసుకుని మీ డీడ్‌ను ఊరూపేరూ లేని ఎల్ఎల్‌సీ (కాగితాల మీద కంపెనీ) పేరు మీదకు మార్చేసేవాళ్లు. ఆ ఎల్ఎల్‌సీ ఫీజు కట్టదు, రిసార్టు ఆ బదిలీని ఒప్పుకోకపోతే కథ మళ్లీ మీ దగ్గరికే వస్తుంది.

మెక్సికోలో టైమ్‌షేర్ ఉన్నవాళ్లకు ప్రమాదం ఇంకా ఎక్కువ. అక్కడ ఈ ఫోన్ల వెనకున్నది డ్రగ్ కార్టెల్ అని అమెరికా ట్రెజరీ శాఖే చెప్పి ఆంక్షలు పెట్టింది. 2019 నుంచి 2023 దాకా సుమారు 6,000 మంది అమెరికన్లు దాదాపు 30 కోట్ల డాలర్లు పోగొట్టుకున్నట్టు ఎఫ్‌బీఐ లెక్క. ఒకసారి డబ్బు పోగొట్టుకున్నవాళ్లకే మళ్లీ లాయర్లమని, ప్రభుత్వ అధికారులమని ఫోన్లు వస్తాయి, పోయింది తెప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి అంటూ.

హైదరాబాదులో అమ్మానాన్నల పేరు మీద హాలిడే మెంబర్‌షిప్ ఉన్నవాళ్లు ఇది వాళ్లకు కూడా చెప్పండి. అక్కడ అదే నాటకం జీఎస్టీ పేరుతో, ట్రాన్స్‌ఫర్ చార్జీల పేరుతో నడుస్తుంది. డబ్బు పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి. ఇక్కడ అయితే ఎఫ్‌టీసీకి, ఎఫ్‌బీఐ వాళ్ల ఐసీ3 అనే ఆన్‌లైన్ ఫిర్యాదుల సైటులో, మీ రాష్ట్ర అటార్నీ జనరల్‌కు ఫిర్యాదు చేయాలి. క్రెడిట్ కార్డుతో కట్టినవాళ్లు అదే రోజు బ్యాంకులో డిస్ప్యూట్ వేయండి. వైర్ పంపినవాళ్లకు మాత్రం గంటలే లెక్క, ముందు బ్యాంకుకు ఫోన్, ఫిర్యాదులు ఆ తర్వాత.

ఈ మధ్యే కొని, ఇది చదువుతూ గుండె గుభేలుమన్నవాళ్లుంటే తేదీ చూసుకోండి. కొన్న రాష్ట్రాన్ని బట్టి రద్దు గడువు ఉంటుంది: ఫ్లోరిడాలో 10 రోజులు, కాలిఫోర్నియా, హవాయిల్లో 7, నెవాడాలో 5. ఒప్పందంలో చెప్పిన చిరునామాకు, చెప్పిన పద్ధతిలోనే ఉత్తరం పంపి రసీదు దాచుకోండి. ఫోన్‌లో చెప్పాం అంటే చెల్లదు.

మీ విషయంలో ఈ వారమే రిసార్టుకు ఫోన్ చేయండి. బదిలీకి నెలలు పడుతుంది, ఇప్పుడు మొదలుపెడితేనే వచ్చే ఏడాది ఫీజు బిల్లు పడేలోపు తేలే అవకాశం ఉంది. వాళ్లేమన్నారో, మీది ఏ రిసార్టో, ఎన్ని బెడ్‌రూములో, ఫిక్స్‌డా ఫ్లోటింగా ఇక్కడ రాస్తే అద్దెకు ఎంత అడగొచ్చో చూసి చెబుతాను.